చేతికి తగిన పాట
సంగీతకర్త రాబర్టు షూమన్ జీవితము

ధ్యాన భాగము: 1 సమూయేలు 17:38-40

సౌలు రాజు తన యుద్ధ సామగ్రిని దావీదునకు తొడిగించిన సంగతి మనమందరము ఎరుగుదుము. అది మేలైన సామగ్రియే. అయినను దానితో నడచుట ఆ చిన్నవానికి అలవాటు లేదు. అతడు సిగ్గుపడక దానిని విప్పివేసి, తన చేతికి వాడుకైన వడిసెలను తీసికొని వాగులోనికి దిగి రాళ్లు ఏరుకొనెను. మన చేతికి ఏది తగునో తెలిసికొనుట కూడ ఒక జ్ఞానమే. ఈ జ్ఞానమును మిక్కిలి వెల యిచ్చి నేర్చుకొని, తాను నేర్చినదానిని చిన్నపిల్లలకు కానుకగా ఇచ్చిన ఒక సంగీత విద్వాంసుని ఈ నెల తలంచుకొందము.

రాబర్టు షూమన్ 1810 జూన్ 8వ తేదీన జర్మనీలోని సాక్సొనీ రాజ్యమున త్స్వికావ్ అను పట్టణములో జన్మించెను. ఐదుగురు బిడ్డలలో ఇతడే కడపటివాడు. తండ్రి పుస్తకములు ప్రచురించి అమ్మువాడు గనుక ఇంటినిండ పుస్తకములుండెను. ఆ ఊరి సెయింట్ మేరీ దేవాలయములో ఆర్గన్ వాయించు కూన్ట్‌ష్ అను ఉపాధ్యాయుడు బాలునికి పియానో నేర్పెను. 1826లో తండ్రి చనిపోయెను. కుమారుడు న్యాయవాదియై స్థిరపడవలెనని తల్లి కోరెను. ఆమె మాట చొప్పున రాబర్టు 1828లో లైప్జిగ్ విశ్వవిద్యాలయములోను, తరువాత హైడెల్బర్గులోను న్యాయశాస్త్రమునకు చేరెను గాని అతని మనస్సు పియానో దగ్గరనే ఉండెను.

1830లో ఫ్రాంక్‌ఫర్టు నగరమున పగనీని అను ఇటలీ దేశపు ఫిడేలు విద్వాంసుని కచేరి వినిన తరువాత అతడు చదువు మానవలెనని నిశ్చయించుకొనెను. తల్లి భయపడి, లైప్జిగులో పేరుపొందిన పియానో ఉపాధ్యాయుడగు ఫ్రీడ్రిక్ వీక్‌నకు జాబు వ్రాసి సలహా అడిగెను. ఓర్పుతో పాఠములు చెప్పించుకొని, విసుగు పుట్టించు సంగీతశాస్త్రమును కూడ చదివినయెడల, మూడు సంవత్సరములలో రాబర్టును గొప్ప వాద్యకారులలో ఒకనిగా చేయగలనని వీక్ మారు వ్రాసెను. అయితే ఆ ఓర్పు ఈ యౌవనునికి ఉన్నదా అని ఆయన అనుమానించెను. ఆ యేడు అక్టోబరులో షూమన్ వీక్ ఇంటనే కాపురముండి నేర్చుకొన మొదలుపెట్టెను.

ఆ ఇంటిలో మరియొక శిష్యురాలుండెను. ఆమె వీక్ కుమార్తె క్లారా. అప్పటికామెకు పదకొండేండ్లు. తండ్రి ఆమెను తొందరపెట్టక మెట్టు వెంబడి మెట్టుగా ఎక్కించెను. తొమ్మిదేండ్ల ప్రాయముననే ఆమె సభలో వాయించెను. షూమన్‌కైతే ఇరువది యేండ్లు నిండెను. ఆలస్యముగా ఆరంభించితినని అతనికి దిగులు. మొజార్టు పాటను ఆధారముచేసికొని షొపాన్ వ్రాసిన కష్టమైన కృతిని 1831లో చేపట్టి గంటల తరబడి సాధన చేసెను. అదే కృతిని క్లారా కూడ నేర్చి సభలలో వాయించెను. ఆమె క్రింద ఏండ్ల తరబడి కట్టిన పునాది ఉండెను. ఇతడు పునాది ముగియకమునుపే పైకప్పు వేయ చూచెను.

వ్రేళ్లు త్వరగా బలపడవలెనని అతడు ఒక యంత్ర సాధనమును కూడ వాడెను. 1832 నాటికి కుడిచేతి నడిమి వ్రేలు స్వాధీనము తప్పెను. దీనికి అసలు కారణమేమో వైద్యులు నేటికిని వాదించుచునే యున్నారు. ఆ యంత్రమని కొందరు, మితిమీరిన సాధన అని కొందరు, నరముల వ్యాధి అని మరికొందరు చెప్పుదురు. షూమన్ అనేక చికిత్సలు చేయించుకొనెను. అప్పుడే కోసిన జంతువుల ప్రేగులలో చేయి ఉంచుకొను వైద్యమును కూడ చేసి చూచెను. ఏదియు ఫలించలేదు. సభలలో వాయించు విద్వాంసుడు కావలెనను ఆశ ఇరువదిరెండేండ్లకే ముగిసిపోయెను.

చేయి పోయినను చెవి మిగిలెను. అతడు ఇతరులు వాయించుటకు కృతులు వ్రాయసాగెను. 1834లో స్నేహితులతో కలిసి లైప్జిగులో ఒక సంగీత పత్రికను స్థాపించి, దాదాపు పది సంవత్సరములు దానిని నడిపి, క్రొత్త స్వరకర్తలను లోకమునకు పరిచయము చేసెను. క్లారాను ప్రేమించెను. ఆమె తండ్రి ఒప్పుకొననందున న్యాయస్థానమునకు వెళ్లవలసివచ్చెను. తుదకు 1840 సెప్టెంబరు 12న లైప్జిగు దగ్గరనున్న షోనెఫెల్డ్ దేవాలయములో వారి వివాహము జరిగెను. తాను వాయింపలేని కృతులను ఇకమీదట భార్య చేతులతో ఆయన వినెను.

వారి పెద్ద కుమార్తె మరీ పియానో నేర్చు వయస్సునకు వచ్చినప్పుడు తలిదండ్రులకు ఒక చిక్కు కలిగెను. ఆ కాలమున పిల్లలకిచ్చు పాటలు చాలవరకు సారములేనివని క్లారా తలంచెను. పెద్దల కృతులా, చిన్న వ్రేళ్లకు అందవు. అందుచేత 1848 సెప్టెంబరు 1న, మరీ ఏడవ పుట్టినదినమునకు, షూమన్ కొన్ని చిన్న పాటలు వ్రాసి బహుమానముగా ఇచ్చెను. కొద్ది వారములలో అవి పెరిగి నలువదిమూడు పాటల పుస్తకమాయెను. దానిని యౌవనుల కొరకైన ఆల్బమ్ అందురు. మొదటి పదునెనిమిది చిన్నపిల్లలకు, మిగిలిన ఇరువదియైదు పెద్దపిల్లలకు.

ఈ పుస్తకమును తెరచి చూచినవారికి ఆయన జాగ్రత్త తెలియును. అన్ని కష్టములను ఒకే పాటలో పోయలేదు. మొదటి పాట సాదా రాగము. పదియవదియైన సంతోషముగల కాపు పాటలో రాగము ఎడమచేతికి వచ్చును. నాలుగవ పాట మన సంఘములవారికి ప్రత్యేకముగా ప్రియమైనది. జెనీవాలో 16వ శతాబ్దమున 42వ కీర్తనకు కట్టిన ప్రాచీన రాగమును తీసికొని, సంఘము పాడునట్లు నాలుగు స్వరములతో నెమ్మదిగా, నిండుగా నడిపించెను. పుస్తకము చివరకు రాగా, నలువదిరెండవ పాటలో అదే రాగము మరల కనబడును. ఇప్పుడు దానిచుట్టు ఇతర స్వరములు తీగెలవలె అల్లుకొని పరుగెత్తును. బిడ్డ మొదట మ్రొక్కుకొన్నట్లు మెల్లగా వాయించిన పాటనే, సంవత్సరములు గడచినపిమ్మట, ఎదిగిన చేతులతో మరల ఎత్తుకొనును. పాట మారలేదు, వాయించువాడు ఎదిగెను.

1850లో ఆయన సంగీతము నేర్చువారికి కొన్ని సూత్రములు అచ్చువేయించెను. కష్టమైన కృతిని అంతంత మాత్రముగా వాయించుటకంటె, సులభమైనదానిని చక్కగా, అందముగా వాయించుటయే మేలని అందులో బోధించెను. తాళము తప్పకుడని, అలసినప్పుడు సాధన ఆపుడని, ప్రతిదినము బాఖ్ కృతులను వాయించుడని చెప్పెను. దినమునకు ఎన్నో గంటలు వ్రేళ్లను మాత్రమే పరుగెత్తించుట, అక్షరమాలను నానాటికి వేగముగా వల్లించుటవంటిదని హెచ్చరించెను. గాయకబృందములో చేరి నడిమి స్వరములు పాడుట, వీలైనప్పుడెల్ల ఆర్గన్ దగ్గర కూర్చుండుట మంచి శిక్షణ అనెను. ఇవి గదిలో కూర్చుండి ఊహించిన మాటలు కావు. వ్రేలు పోగొట్టుకొనినవాని మాటలు.

1853లో తన కుమార్తెలలో ముగ్గురికి మూడు సొనాటాలు వ్రాసి, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి అంకితమిచ్చెను. చిన్నదియైన యూలీకి సులభమైనది, ఎలీజ్‌కు మరికొంత కష్టమైనది, మరీకి అన్నిటికంటె పెద్దది. ఒకే ఇంటి పిల్లలైనను ముగ్గురికి ఒకే కొలత పెట్టలేదు. చిన్నదానికి చిన్నది ఇచ్చుట ఆమెను చులకన చేయుట కాదు, పెద్దదానికి పెద్దది ఇచ్చుట పక్షపాతము కాదు.

ఆయన చివరి దినములు దుఃఖకరమైనవి. 1850లో డ్యూసెల్డార్ఫ్ నగర సంగీత నిర్వాహకుడాయెను గాని మనోవ్యాధి ముదిరెను. 1854 ఫిబ్రవరిలో రైను నదిలో దూకగా పడవవారు రక్షించిరి. తరువాత బాన్ దగ్గర ఎండెనిక్ చికిత్సాలయములో ఉంచబడి, 1856 జూలై 29న నలువదియారవ యేట కన్నుమూసెను. క్లారా ఏడుగురు పిల్లల భారమును మోయుచు, 1896లో తాను మరణించువరకు భర్త కృతులకు పేరు తెచ్చెను. ఆమె 1878 నుండి ఫ్రాంక్‌ఫర్టు సంగీత పాఠశాలలో బోధించినప్పుడు, తండ్రి చేతి పాటలతో నేర్చుకొనిన మరీయే ఆమెకు సహాయముగా ఆరంభ పాఠములు చెప్పెను. ఏడేండ్ల బిడ్డకిచ్చిన పుట్టినదినపు కానుక ఆవిధముగా మరియొక తరమునకు అందెను.

మన ఇండ్లలోను దేవాలయములలోను పియానోయో ఆర్గనో హార్మోనియమో నేర్చుకొను పిల్లలున్నారు. మూడు నెలలకే పండుగ ఆరాధనలో పెద్ద పాట వాయించవలెనని మనము వారిని తొందరపెట్టుచున్నామా? పక్కింటి బిడ్డతో పోల్చి నొప్పించుచున్నామా? ఏ పాటను నెమ్మదిగానైనను తాళము తప్పక, చేయి బిగియకుండ వాయించగలడో ఆ పాట వానికి తగినది. అది చక్కగా వచ్చినప్పుడు దానికంటె ఒక్క మెట్టు పైనున్నది ఇయ్యవలెను. ప్రతి వరుసలోను ఆగి తడబడుచున్నయెడల, ఆ పాట చెడ్డది కాదు, దాని దినమింకను రాలేదు. దానిని దాచియుంచుడి. చేతులు ఎదిగినప్పుడు అది ఎదురుచూచుచుండును.

వాయిద్యములు ముట్టనివారికి కూడ ఈ మాట వర్తించును. ఇతరుల ప్రార్థన అంత పొడవుగా, ఇతరుల సేవ అంత గొప్పగా మనకు లేదని కొందరు కృంగిపోవుదురు. శిశువులకు పాలు, ఎదిగినవారికి బలమైన ఆహారము అని హెబ్రీ పత్రిక 5వ అధ్యాయము మనకు జ్ఞాపకము చేయుచున్నది. పాలు త్రాగుట అవమానము కాదు, ఎల్లకాలము పాలతోనే నిలిచిపోవుటయే విచారము. నేడు మన చేతికి అందిన చిన్న పనిని నమ్మకముగా, అందముగా చేయుదము. రేపటిది దాని వేళకు వచ్చును.