మల్కిభరాముడు – మూసీ వంతెన

గోలకొండ నేలిన కుతుబ్‌షాహీ సుల్తానులలో ఇబ్రహీమును తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకొనిరి. ఇరాను నుండి వచ్చిన వంశమున బుట్టిన ప్రభువునకు ఇట్టి చనువైన పేరు దక్కుట వింతయే.

1543లో తండ్రి సుల్తాన్ కులీ హత్యకు గురియై, అన్న జంషీదు గద్దె నెక్కెను. ఇబ్రహీము ప్రాణభీతిచే పారిపోయి, తుదకు విజయనగరమున అళియ రామరాయలను శరణుజొచ్చి, ఏడేండ్లచట నుండెను. మన పావగడ సీమయు నాడు ఆ రాజ్యములోనిదే. తెలుగుపై ఆయన కభిమానము కుదిరినది అచ్చటనేయని మేము తలంతుము. 1550లో గోలకొండకు మరలివచ్చి రాజయ్యెను. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమిచ్చెను. అయినను 1565లో, తనకు నీడనిచ్చిన రామరాయల మీదికే తక్కిన సుల్తానులతో గూడి దండెత్తెను. ఈ మచ్చను మేము దాచజాలము.

గోలకొండకు దక్షిణమున మూసీ యడ్డము. వానకాలమున ఏరు పొంగినచో రాకపోకలు నిలిచిపోవుచుండెను. 1578లో ఇబ్రహీము దానిపై 22 కమానులతో, సుమారు 600 అడుగుల నిడివిగల రాతివంతెన కట్టించెను. నేడు దానిని పురానాపూల్ అందురు. పారిసు నగరమున సేన్ నదిపై నేటికిని నిలిచియున్న రాతికమానుల వంతెనకు పునాది పడినదియు ఆ యేటనే. యువరాజు భాగమతికై ఏరీదుట చూచి తండ్రి దీనిని కట్టించెనను కథ కలదు. యువరాజప్పటికి పదునాలుగేండ్లు దాటని బాలుడు. కావున మాకు నమ్మిక కుదురలేదు.

కమానులెందుకు? చిన్న వాగుపై బండను అడ్డముగా పరచిన చాలును. అది దూలపు వంతెన. బరువు పడినపుడు బండ పైభాగము నొక్కుకొనును, అడుగుభాగము సాగబోవును. రాయి నొక్కుడు కెంతయైన నోర్చును గాని, సాగుట కోర్వక పగులును. అందుచే దాని నిడివి పెంచ వీలులేదు. కమానులోనైతే ప్రతి రాయియు ప్రక్కరాతిని నొక్కుచు, బరువును క్రిందికిని ప్రక్కకును పంపును. ఇరుగుపొరుగు కమానుల త్రోపుడులు నడిమి స్తంభముపై ఒకదానినొకటి సరిపెట్టుకొనును. చివరి త్రోపుడును గట్టుననున్న కట్టడము భరించును. ఉక్కుత్రాళ్లతో వ్రేలాడు వంతెనలో ఈ పని తలక్రిందులు: అచట బరువు మోయునవి బిగిసి సాగెడు త్రాళ్లే. ఇబ్రహీము పనివారికి చేతనున్నది రాయి.

ఆయన 1580లో మరణించెను. 1591లో కుమారుడు మహమ్మదు కులీ, వంతెన కవతలి గట్టున హైదరాబాదు నగరమును నిర్మించెను. 1908 సెప్టెంబరు వరదలో మూసీపై తరువాతి కాలమున కట్టిన వంతెనలు తెగిపోగా, పురానాపూల్ దెబ్బతినియు నిలిచెను. ఇప్పుడు దానిపై బండ్లు నడువవు, కూరగాయలమ్ముదురు.