డాక్టరు పట్టాభి సీతారామయ్యగారును, ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీయును

ఈ వార్షిక సంచికకు ఒక మహనీయుని జీవితమును వ్రాయవలసినదని కార్యవర్గమువారు కోరినపుడు మాకు తొలుత తోచినది డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారి నామము. కాంగ్రెసు చరిత్రకారులుగాను, 1939లో కాంగ్రెసు అధ్యక్షపదవికై సుభాషచంద్రబోసుగారితో పోటీచేసి 1580 వోట్లకెదురు 1377 వోట్లతో ఓడినవారుగాను వారిని చదువరులెల్లరు నెరుగుదురు. వారు బీమా కంపెనీని స్థాపించిన సంగతి మాత్రము మన కాగజ్‌నగరు యువకులలో నెందరికి తెలియునో సందేహమే. మేము వ్రాయబూనినది ఆ భాగమునే.

వారు 1880వ సంవత్సరము నవంబరు 24వ తేదీన గుండుగొలను గ్రామమున జన్మించిరి. తండ్రి సుబ్రహ్మణ్యముగారు గ్రామకరణము. జీతము స్వల్పము. కుమారుడు పసివాడై యుండగనే ఆయన గతించెను. ఇంటికి రాబడి లేకపోయెను. తల్లి గంగమ్మగారు అధైర్యపడక, పిల్లల చదువుకొరకు ఏలూరు చేరి నానాకష్టములు పడి వారిని పైకి తెచ్చెను. ఇంటి యజమాని పోయిన మరుసటి దినమున ఆ గడపలోపల ఏమి జరుగునో పట్టాభిగారికి ఒకరు చెప్పవలసిన పని లేకుండెను.

మదరాసులో వైద్యవిద్య ముగించి మచిలీపట్టణమున పదేండ్లు వైద్యము చేసి, 1916లో ఆ వృత్తిని విడిచి దేశసేవలో దిగిరి. అప్పటికే 1915లో కృష్ణా సహకార కేంద్రబ్యాంకు వెలసియుండెను. 1923లో ఆంధ్రా బ్యాంకు లక్షరూపాయల చెల్లించిన మూలధనముతో ప్రారంభమాయెను. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ స్థాపితమాయెను. ఆ దినములలో తెలుగువారు బీమాకై చెల్లించు సొమ్ము చాలవరకు బొంబాయి, మదరాసు, సీమ కంపెనీలకే పోవుచుండెను. ఇటు నిజాము రాజ్యమున సర్కారువారు 1907లో నొక కుటుంబ పింఛను నిధిని ఏర్పరచిరి గాని అది సర్కారు నౌకరులకే. రైతునకు గాని వర్తకునకు గాని అందులో ప్రవేశము లేదు.

బీమా కంపెనీ యనగా నేమి? మా యెరుకలో అది యొక కాగితపు నడక. ఏజెంటు ఇంటికి వచ్చి దరఖాస్తు నింపును. వైద్యుడు పరీక్షించి సంతకము చేయును. ప్రధాన కార్యాలయమువారు వయస్సును, ఆరోగ్యమును విచారించి అంగీకరింతురు. పాలసీ వచ్చును. పిమ్మట ఏండ్లకొలది రసీదులు. తుదకు మరణపత్రముతో నొక స్త్రీ కార్యాలయపు గుమ్మము చేరును. ఈ నడకలో ఏజెంటునకు కమీషను, వైద్యునకు ఫీజు, వాటాదారునకు లాభము ముందుగనే ముట్టును. ఏ కాగితముమీదను సంతకము చేయని ఆ స్త్రీ వంతు మాత్రము అన్నిటికంటె కడపట వచ్చును. కావున కంపెనీ పనిక్రమమును ఏజెంటు వాకిటినుండి గాక, ఆమె నిలిచిన గుమ్మమునుండి వెనుకకు దిద్దుకొని రావలెనని మా యభిప్రాయము. తండ్రిలేని బిడ్డగా పెరిగి, వైద్యుడై, ఆపైన కంపెనీ స్థాపించిన పట్టాభిగారు ఈ నడకలోని రెండు కొసలను ఎరిగినవారు. అట్టివారు వ్యాపారమున అరుదు.

ఇది మన యూరికిని సంబంధించిన మాటయే. సిర్పూరు కాగితపు మిల్లు 2014 మొదలు 2018 వరకు మూతపడియుండెను. జీతము నిలిచిన యింట తొలుత మానబడునది బీమా వాయిదాయే. గడువు దాటిన పాలసీని సాధారణముగా ఐదేండ్లలోపల బకాయి, వడ్డీ చెల్లించి పునరుద్ధరించుకొనవచ్చునను సంగతి పలువు రెరుగరు. మే మెరిగిన యొక కుటుంబమున, పెండ్లికి ముందు తల్లి పేర వ్రాసిన నామినేషను ఆమె గతించిన పిదపను మార్చబడలేదు. యజమాని పోయినప్పుడు భార్య వారసత్వపు పత్రములకై నెలల తరబడి తిరిగెను. దోషము కంపెనీదా? ఆమె భర్తదా? దరఖాస్తునాడు తియ్యగా మాటలాడిన ఏజెంటు ఒక్కనాడైన వచ్చి అడిగియుండిన ఆ కష్టము తప్పెడిదని మాత్రము చెప్పగలము. మరియు మూడేండ్లు నిండిన పాలసీని ఏ కారణముచేతను ఆక్షేపింపరాదని 2015లో సవరింపబడిన బీమా చట్టము చెప్పుచున్నది. కంపెనీతో తగవు తెగనిచో హైదరాబాదులోని బీమా లోక్‌పాలునకు రుసుము లేకయే అర్జీ పెట్టుకొనవచ్చును.

పట్టాభిగారు 1935లో హిందూస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్సు కంపెనీని సైతము నెలకొల్పిరి. నడుమ పలుమార్లు చెరసాలకు పోయిరి. 1942లో పట్టుబడి సుమారు మూడేండ్లు అహమదునగరు కోటలో నుండిరి. స్థాపకుడు కోటలో నున్నను మచిలీపట్టణమున కంపెనీ తలుపులు మూతపడలేదు. ఒక్కడే యిన్ని సంస్థలను నెత్తికెత్తుకొనుట మంచిదా యని అడుగువారు గలరు. ఆ ప్రశ్న న్యాయమే. కాని సంస్థాపకుడు లేనప్పుడు నడువగలిగిన సంస్థయే సంస్థ యని మేము వారికి బదులు చెప్పుదుము.

కంపెనీలన్నియు అట్లు నడువలేదు. 1945 మొదలు 1955 వరకు దేశమున 25 జీవిత బీమా కంపెనీలు దివాలా తీసెను. మరి 25 కంపెనీలు నిధులను పాడుచేసికొని, పాలసీదారులకు నష్టము కలుగునట్లు వ్యాపారమును పరుల కప్పగించెను. 1956 జనవరిలో కేంద్రప్రభుత్వమువారు జీవిత బీమాను జాతీయము చేసిరి. ఆ సెప్టెంబరు 1వ తేదీన 245 సంస్థల వ్యాపారమును కలుపుకొని జీవిత బీమా సంస్థ యేర్పడెను. అందు ఆంధ్రా ఇన్సూరెన్సువారి జీవిత బీమా వ్యాపారమును చేరెను. పట్టాభిగారు అప్పుడు మధ్యప్రదేశపు గవర్నరు పదవిలో నుండిరి. తాము ముప్పదియొక్క యేండ్ల క్రిందట నాటినదానిని ప్రభుత్వము స్వాధీనము చేసికొనుటను ప్రభుత్వపక్షమున కూర్చుండియే చూచిరి. మరుసటి సంవత్సరము పదవి వీడి, 1959 డిసెంబరు 17వ తేదీన పరమపదించిరి. 1980లో జాతీయమైన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1వ తేదీన యూనియన్ బ్యాంకులో విలీనమాయెను. మచిలీపట్టణమున జీవిత బీమా సంస్థవారి డివిజను కార్యాలయము నేటికిని గలదు.