డాక్టర్ ఎడ్వర్డ్ లారీ - హైదరాబాదు క్లోరోఫారం పరీక్షలు

భద్రాచలం మన్యపు అంచున జరిగే వారపు సంతలలో ఉప్పు, ఎండుమిరపకాయలు, ఇప్పపువ్వు ఒకవైపు ఉంటే, మరొకవైపు గాజులు, అద్దాలు, కాటుక డబ్బీలు, మేనిఛాయ తెలుపు చేస్తామనే క్రీములు పరచి ఉంటవి. వానిలో కొన్నింటిపై తయారు చేసినవాని పేరు గాని, లోపల కలిపిన వస్తువుల వివరము గాని ఉండదు. ఇవి వాడవచ్చునా అని మా విద్యార్థినులు కొందరు మమ్ము అడిగినారు. మేము తెలుగు బోధించేవారము. రసాయనశాస్త్రము మా విషయము కాదు. అయినా ఆ ప్రశ్న మమ్ము వదలలేదు. ఒక వస్తువు నిరపాయకరమైనదని చెప్పేవారెవరు? వారు దానిని ఎట్లు పరీక్షించినారు? పరీక్షకు ముందే వారి మనసులో తీర్పు సిద్ధమై ఉన్నదా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు వెదకుచుండగా నూరేండ్లకు పూర్వము మన హైదరాబాదు నగరంలో పనిచేసిన ఒక వైద్యుని జీవితము మాకు కనబడినది. ఆయనే డాక్టర్ ఎడ్వర్డ్ లారీ.

లారీ 1846లో జన్మించినారు. హైదరాబాదు వైద్య పాఠశాల వెలసినది కూడా ఆ సంవత్సరమే. అమెరికాలోని బోస్టన్ నగరంలో ఈథరుతో రోగికి స్పృహ తప్పించి శస్త్రచికిత్స చేసి చూపినదీ ఆ సంవత్సరమే. మరుసటి ఏడు, 1847లో, స్కాట్లండులోని ఎడింబరోలో డాక్టర్ సింప్సన్ క్లోరోఫారముకు మత్తు కలిగించే గుణమున్నదని కనుగొని వాడినారు. కత్తి కింద కేకలు పెట్టే రోగి నిద్రపోయినట్లు పడియుండుట చూచి లోకము ఆశ్చర్యపడినది. కాని ఆ ఆనందము మూడు నెలలైనా నిలువలేదు. 1848 జనవరిలో ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేండ్ల బాలిక కాలిగోరు తీయించుకొనుటకు క్లోరోఫారము పీల్చి కొద్ది నిమిషాలలో మరణించినది.

ఆ బాలిక ఎట్లు చనిపోయినది? గుండె ఆగియా, ఊపిరి ఆగియా? వైద్యలోకము రెండు పక్షాలుగా చీలినది. గుండె హఠాత్తుగా ఆగునని, కావున నాడిని గమనించవలెనని లండను వైద్యులు నమ్మినారు. ఎడింబరోలోని ప్రఖ్యాత శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ మాత్రము ఊపిరిని గమనించితే చాలునని బోధించినారు. లారీ ఆ సైమ్ గారి శిష్యులు. గురువు మాటను ఆయన జీవితాంతము తీసిపెట్టని తాయెత్తువలె ధరించినారని చెప్పవచ్చును.

భారత వైద్యసేవలో చేరిన లారీ 1885లో హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగా వచ్చి, వైద్య పాఠశాల బాధ్యత కూడా వహించినారు. ఆనాడు మన ఖమ్మము నిజాము రాజ్యములోనిది; గోదావరి ఆవలి భద్రాచలము మద్రాసు ప్రెసిడెన్సీలోనిది. అందుచేత గోదావరికి ఈవలివారికి హైదరాబాదే రాజధాని. లారీ కాలములో పాఠశాలలో బోధన ఉర్దూ నుండి ఇంగ్లీషుకు మారినది. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తువైద్యురాలిగా పేరొందిన డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ పాఠశాలలో చదివినవారే. స్త్రీలు గడప దాటుటయే అరుదైన ఆ రోజులలో ఒక యువతి చేతికి క్లోరోఫారము సీసా అందించుట సామాన్యమైన విషయము కాదు.

తన నమ్మకమును రుజువు చేయవలెనని లారీ 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫారం కమిషనును ఏర్పాటు చేయించినారు. నూటికి పైబడిన కుక్కలపై పరీక్షలు జరిగినవి. ప్రతిసారి ఊపిరే ముందు ఆగినదని, గుండె తరువాతనే ఆగినదని కమిషను తేల్చినది. లండనులోని లాన్సెట్ వైద్యపత్రిక ఈ తీర్పును సందేహించినది. అప్పుడు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చి, ఆ పత్రిక తరఫున ఒక నిపుణుని పంపుమని కోరినారు. సందేహించినవానినే పిలిచి కన్నులారా చూడుమనుట ఆ ప్రభువు ఔదార్యమునకు నిదర్శనము.

వచ్చినవారు సర్వసమ్మతులైన లాడర్ బ్రంటన్. గుండె ఆగుటయే ప్రమాదమని నమ్మినవారిలో ఆయన ఒకరు. 1889లో రెండవ కమిషను కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్లు మొదలైన నాలుగు వందలకు మించిన జంతువులపై పరీక్షలు చేసినది. ఊపిరి, రక్తపు ఒత్తిడి గీతలుగా నమోదైనవి. ఫలితము మొదటిదే. బ్రంటన్ తన అభిప్రాయమును మార్చుకొన్నారు. 1890లో నివేదిక లాన్సెట్‌లో వెలువడి, హైదరాబాదు పేరు వైద్యలోకమంతట మారుమ్రోగినది.

కథ ఇక్కడితో ముగిసియుంటే లారీ విజేతగా మిగిలియుండెడివారు. కాని సత్యము అంత తొందరగా ముగింపు పలకదు. హైదరాబాదులో జంతువులకు చాలవరకు క్లోరోఫారమును ఎడతెగక, లోతైన మత్తు వచ్చువరకు ఇచ్చినారు. అర్ధమత్తులో, భయముతో వణకుచున్న రోగి సంగతి ఏమి? 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఇంగ్లండు వైద్యుడు పిల్లులపై దానిని పరీక్షించినారు. తేలికపాటి క్లోరోఫారము మత్తులో ఉన్న జంతువుకు ఎడ్రినలిన్ తోడైతే గుండె లయ తప్పి గిలగిల కొట్టుకొని ఆగిపోవునని చూపినారు. మనిషి భయపడినప్పుడు శరీరములో ఊరేది ఆ ఎడ్రినలినే. కాలిగోరు తీయించుకొనుటకు వణకుతూ కూర్చున్న హన్నా గ్రీనర్ మరణమునకు అరవై మూడేండ్ల తరువాత ఒక సమాధానము దొరికినది. లారీ 1901లో హైదరాబాదు విడిచినారు, 1915లో మరణించినారు.

లారీ అబద్ధమాడినవారు కారు. ఆయన చూచినది నిజము, చూడనిదే ప్రమాదమైనది. ఊపిరిని కనిపెట్టి ఉండవలెనన్న ఆయన బోధ నేటికీ మత్తువైద్యులు పాటించేదే. కాని జవాబును ముందే గట్టిగా నమ్మినవాడు తన నమ్మకమునకు ఎదురు వచ్చే ప్రశ్నను అడుగుట మరచును. వందల జంతువులను పరీక్షించినా అడగని ప్రశ్నకు జవాబు రాదు.

క్లోరోఫారము చరిత్రలో మరొక పాఠమున్నది. శస్త్రచికిత్సాశాల నుండి అది దగ్గు మందులలోకి, పళ్లపేస్టులలోకి కూడా దిగినది. కొద్ది మోతాదే గదా అని అందరూ ఊరకున్నారు. దీర్ఘకాలము ఇచ్చినప్పుడు జంతువులలో క్యాన్సరు కలిగించినదని తేలిన మీదట, 1976లో అమెరికా ప్రభుత్వము దానిని మందులలోను సౌందర్యసాధనాలలోను వాడరాదని నిషేధించినది. ఐరోపా నిషిద్ధ పదార్థాల పట్టికలో కూడా అది చేరినది. గంటసేపటి పరీక్షలో నిలిచిన వస్తువు నిత్యవాడుకలో నిలువకపోవచ్చును. సౌందర్యసాధనమునకు ఇది మరింత వర్తించును. మందు రోగము తగ్గువరకే. క్రీము ఏండ్ల తరబడి.

అందుచేతనే నేటి నిపుణులు రెండు లెక్కలు వేయుదురు. ఎంత మోతాదు వరకు ఏ హానియు కనబడలేదు అన్నది మొదటిది. రోజూ పూసుకొన్నప్పుడు చర్మము ద్వారా ఒంటిలోకి ఎంత పోవును అన్నది రెండవది. మొదటిది రెండవదానికి కనీసము 100 రెట్లు ఉండవలెనని సాధారణ నియమము. జంతువుకు, మనిషికి గల భేదమునకు పది రెట్లు. మనిషికి, మనిషికి గల భేదమునకు పది రెట్లు. మన దేశములో 1940 నాటి మందుల చట్టములోనికి 1962 సవరణ ద్వారా సౌందర్యసాధనాలు వచ్చినవి. 2014లో వీని కొరకు జంతువులపై పరీక్షలు నిషేధింపబడినవి. లారీ కాలపు మూగజీవుల స్థానమును నేడు ప్రయోగశాలలో పెంచిన కణాలు, పూర్వపు పరీక్షల వివరాలు తీసుకొన్నవి. 2020 నాటి సౌందర్యసాధనాల నియమాలు సీసము, ఆర్సెనిక్ గల రంగులను నిషేధించినవి. కంటికి వాడే వానిలో పాదరసము పది లక్షల భాగాలలో 70 భాగాలకు, తక్కినవానిలో పొరపాటున చేరినదైనా ఒక భాగమునకు మించరాదు.

అయినా చట్టము సంతలోని ప్రతి డబ్బీ మూత తెరచి చూడజాలదు. 2023లో కేరళలోని మలప్పురము జిల్లాలో పేరు ఊరు లేని తెలుపు క్రీములు వాడినవారు మూత్రపిండాల వ్యాధితో ఆసుపత్రులకు వచ్చినారు. కారణము పాదరసమని వైద్యులు గుర్తించినారు. పాదరసము చర్మములో నల్లదనమునిచ్చే పదార్థమును ఊరనీయదు గనుక ముఖము తెల్లబడును. లోపలికి పోయిన భాగము మూత్రపిండాలను పట్టును. మన ఇండ్లలో ప్రేమతో పసిబిడ్డల కండ్లకు దిద్దే సుర్మా, కాటుకలలోను కొన్నింట సీసము ఉన్నట్లు పరీక్షలలో తేలినది. సీసము పిల్లల మెదడుకు చేటు. అమ్మమ్మల ఆచారమును మేము కించపరచుట లేదు. ఆ డబ్బీలో ఉన్నదేమో అడుగుమని మాత్రమే చెప్పుచున్నాము.

డబ్బీపై తయారీదారు చిరునామా, లైసెన్సు సంఖ్య, తయారైన తేదీ, కలిపిన వస్తువుల పట్టిక ఉన్నవా అని చూచుట పెద్ద విద్య కాదు. అవి లేనిదానిని అక్కడనే దించివేయుడు. ఏండ్లుగా వాడుచున్నాము, ఏమీ కాలేదు అనే మాట వినబడినప్పుడు లారీని తలచుకొనుడు. వేలమందిని నిద్రపుచ్చిన ఆ నిజాయితీపరుడు కూడా ఒక ప్రశ్న అడుగుట మరచినాడు. ఆ ప్రశ్నను అడిగే అలవాటే విద్యార్థికి చదువు ఇచ్చే నిజమైన సౌందర్యము.