భోజనపు బల్లయొద్ద పుట్టిన కృతజ్ఞతాగీతము

మన అధ్యక్ష ఖండము నూరేండ్లు నిండి దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించుచున్న ఈ సమయములో, కృతజ్ఞతను తన కష్టములలోనే నేర్చుకొనిన ఒక కాపరి జీవితమును ధ్యానించుట మనకు మేలు. ఆయన మార్టిన్ రింకార్ట్ గారు. పెండ్లిండ్లలోను, కృతజ్ఞతారాధనలలోను అనేక భాషలలో నేటికిని పాడబడుచున్న ప్రసిద్ధ స్తుతిగీతమును వ్రాసినది వీరే.

రింకార్ట్ గారు 1586 ఏప్రిల్ 23న జర్మనీ దేశమందలి సాక్సనీలో, ఐలెన్‌బర్గ్ అను చిన్న పట్టణములో జన్మించిరి. తండ్రి కొయ్య పీపాలు చేయు పనివాడు. లైప్సిగ్‌లోని పరిశుద్ధ తోమా పాఠశాలలో గాయక బృందమునందు పాడుచు చదువుకొనిరి. నూరేండ్లు దాటిన తరువాత బాఖ్ గారు సంగీతము నేర్పినది ఆ పాఠశాలలోనే. 1617లో రింకార్ట్ గారు స్వంత పట్టణమునకే దైవసేవకులుగా వచ్చి, 1649 డిసెంబరు 8న ప్రభువునందు నిద్రించు వరకు అచ్చటనే పరిచర్య చేసిరి.

వారు వచ్చిన మరుసటి యేడు, 1618లో, ముప్పది సంవత్సరముల యుద్ధము మొదలయ్యెను. పట్టణము చుట్టు ప్రాకారము ఉండుటచేత పల్లెల ప్రజలు ప్రాణభయముతో అచ్చటికే చేరిరి. ఆ ఇరుకులో 1637లో గొప్ప తెగులు పుట్టెను. పై అధికారియైన సేవకుడు ఊరు విడిచి వెళ్లెను. మరి ఇద్దరు సేవకులు మరణించిరి. మిగిలినది రింకార్ట్ గారు ఒక్కరే. కొన్ని దినములలో 40, 50 మందిని సమాధి చేయవలసి వచ్చెను. ఆ యేడు వారు 4,000 మందికి పైగా భూస్థాపన చేసిరి. వారిలో ఆయన భార్యయు ఒకరు.

తెగులు వెంట కరవు వచ్చెను. తమకున్నది ఆకలిగొన్నవారికి పంచి, స్వంత కుటుంబమునకు రొట్టె, బట్ట సమకూర్చుటకు రాబోవు కొన్ని సంవత్సరముల జీతమును తాకట్టు పెట్టుకొనిరి. 1639లో స్వీడన్ సైన్యము ఆ బీద పట్టణమును 30,000 టాలర్లు అడిగినప్పుడు, ఆయన మొదట బ్రతిమాలుకొనిరి; వారు వినకపోగా సంఘమును మందిరములో చేర్చి మోకాళ్లూనిరి. పిమ్మట సైన్యాధికారి మనస్సు కరిగి ఆ మొత్తమును బహుగా తగ్గించెను.

ఈ గీతము 1648లో సమాధానము కుదిరినప్పుడు వ్రాయబడినదని పలువురు తలంతురు. కాని 1647లోనే యోహాన్ క్రూగర్ గారి సంగీత గ్రంథములో అది రాగముతో అచ్చయినది. గనుక శాంతి రాకముందే ఆ స్తుతి పుట్టినది. రింకార్ట్ గారు దానిని ఇంటివారు భోజనపు బల్లయొద్ద చేయు చిన్న ప్రార్థనగా వ్రాసిరి.

దానికి మూలము సీరా కుమారుని జ్ఞానగ్రంథములోని 50వ అధ్యాయము. ఆ గ్రంథకర్త మొదట సూర్యచంద్రులను, ఇంద్రధనుస్సును, మంచును చూచి సృష్టికర్తను కొనియాడి, పిమ్మట పితరులను జ్ఞాపకము చేసికొని, తుదకు తల్లి గర్భము మొదలుకొని మనలను నడిపించిన దేవునికి స్తుతి చెల్లించుమని పిలుచుచున్నాడు. సృష్టి, పితరులు, తల్లి ఒడి: ఈ వరుసలోనే మన కృతజ్ఞతయు నడువదగును.

ఇల్లు నిండియున్నప్పుడు స్తుతించుట సులభము. పీట ఒకటి ఖాళీ అయిన ఇంట అదే ప్రార్థన నోట పలుకగలమా? మన సంఘములలో అట్టి ఇండ్లు ఎన్నియో గలవు. వారిని దుఃఖము మాని స్తుతించుమని మనము తొందరపెట్టరాదు. వేలమందిని సమాధి చేసిన ఆ కాపరి కన్నీరు ఎరుగనివాడు కాడు. పోయినవారు కూడ దేవుడిచ్చిన ఈవులే గనుక, వారికొరకు కార్చు కన్నీటిలోను కృతజ్ఞత కలదు.

కోతపండుగనాడు ధాన్యమును, గుమ్మడికాయలను బలిపీఠము నొద్దకు తెచ్చు మనము, ప్రతి రాత్రి అన్నము ముందు కూర్చుండునప్పుడును క్షణము నిలిచి, ఎదుట కూర్చున్న ముఖములను చూచి, ఆ తరువాత కన్నులు మూసికొని దేవునికి స్తోత్రము చెల్లించుదము గాక.