ఆసుపత్రి పేరైన షహజాదీ

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో పసిబిడ్డకు జబ్బు ముదిరితే పెద్దలు పట్నం తీసుకుపొమ్మంటారు. ఆత్మకూరు నుంచి బయలుదేరినా, దేవరకొండ నుంచి బయలుదేరినా పేదింటి తల్లి చివరకు చేరేది నీలోఫర్ ఆసుపత్రికే. ఆ పేరు తెలియని ఇల్లు లేదు. ఆ పేరుగల మనిషి కథ తెలిసినవారు మాత్రం తక్కువ.

ఆమె తుర్కీ బిడ్డ. ఉస్మానీ సుల్తానుల వంశం. (మన ఉస్మానియా విశ్వవిద్యాలయం పేరుకూ ఆ వంశానికీ సంబంధం లేదు. అది నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు మీద వచ్చింది.) ఆ ఇంటి కష్టాలు నీలోఫర్ పుట్టకముందే మొదలయ్యాయి. ముత్తాత అయిదవ మురాద్ 1876లో తఖ్తు ఎక్కి 93 రోజులకే దిగవలసి వచ్చింది. ఆ తర్వాత 1904లో కన్నుమూసే వరకు ఇస్తాంబుల్‌లోని చిరాగాన్ మహల్లో భార్యాబిడ్డలతో బందీగా గడిపారు. నీలోఫర్ తల్లి ఆదిలే సుల్తాన్ 1887లో పుట్టింది ఆ బందీఖానాలోనే.

నీలోఫర్ 1916 జనవరి 4న ఇస్తాంబుల్‌లో జన్మించారు. అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం సాగుతోంది. తుర్కీ ఆ యుద్ధంలో ఓడింది, సామ్రాజ్యం ముక్కలైంది. పసితనంలోనే తండ్రి కూడా పోయారు. 1924 మార్చి 3న అంకారా ప్రభుత్వం ఖిలాఫత్‌ను రద్దు చేసి, ఆ వంశంలోని ఆడ మగ అందరూ దేశం విడిచిపోవాలని చట్టం చేసింది. చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్‌ను ఆ రాత్రే మహల్ నుంచి బయలుదేరదీసి రైలెక్కించారు. ఆడవారికి కొద్ది రోజుల గడువు దొరికింది. తిరిగి రావడానికి పనికిరాని పాస్‌పోర్టులు చేతికిచ్చారు. ఎనిమిదేళ్ల నీలోఫర్ తల్లి చెయ్యి పట్టుకుని ఫ్రాన్స్‌లోని నీస్ పట్టణం చేరింది. మహళ్లలో పెరిగినవారు అక్కడ నగలు అమ్ముకుని బతికారు. ఖలీఫాకు నిజాం నెలకు 300 పౌండ్లు పంపేవారు.

మౌలానా షౌకత్ అలీ మధ్యవర్తిత్వంతో రెండు సంబంధాలు కుదిరాయి. ఖలీఫా కుమార్తె దుర్రెషహ్వార్‌ను నిజాం పెద్ద కుమారుడు ఆజంజా బహద్దూర్‌కు, నీలోఫర్‌ను రెండవ కుమారుడు మొఅజ్జంజా బహద్దూర్‌కు ఇచ్చి 1931 నవంబర్ 12న నీస్‌లోనే నికా చేశారు. నీలోఫర్‌కు 15 ఏళ్లు. ఖలీఫా ఇంటి వియ్యం నిజాంకు గౌరవం, నిజాం ఆదరణ ఖలీఫాకు అవసరం. పిల్లల కంటే పెద్దల అవసరాలే ఎక్కువ కనిపించే నికా ఇది. డిసెంబర్‌లో పిల్స్నా అనే ఓడలో బొంబాయికి వచ్చారు. రౌండ్ టేబుల్ సమావేశం నుంచి తిరిగివస్తున్న గాంధీజీ కూడా ఆ ఓడలోనే ప్రయాణించారు.

హైదరాబాద్ ఆమెను అక్కున చేర్చుకుంది. నీలోఫర్ కాపురం నౌబత్ పహాడ్ దగ్గరి హిల్ ఫోర్ట్ మహల్లో. చీరకట్టు నేర్చారు, పర్దా లేకుండా సభలకు వచ్చారు, స్త్రీల సంఘాల్లో పనిచేశారు. రెండవ ప్రపంచ యుద్ధంలో నర్సు శిక్షణ పొంది సహాయ కార్యక్రమాల్లో పాల్గొన్నారు. అందగత్తె అని పత్రికలు రాసినంతగా ఈ సంగతులు రాయలేదు.

లోటు ఒక్కటే. ఆమెకు సంతానం కలగలేదు. యూరప్ వైద్యులకు చూపించుకున్నా ఫలితం లేకపోయింది. తోడికోడలు దుర్రెషహ్వార్ ఒడిలో ఇద్దరు మగబిడ్డలు పెరుగుతుంటే నీలోఫర్ ఊయల ఖాళీగానే ఉంది. ఆ రోజుల్లోనే ఆమె దగ్గర పనిచేసే రఫతున్నీసా కాన్పు సమయంలో సరైన వైద్యం అందక చనిపోయింది. ఆ చావు నీలోఫర్‌ను కదిలించింది. మహల్లో పనిచేసే స్త్రీకే ఈ గతి పడితే పల్లెల్లో స్త్రీల మాటేమిటి? తల్లులకూ బిడ్డలకూ వేరే ఆసుపత్రి ఉండి తీరాలని ఆమె పట్టుబట్టారు. రెడ్‌హిల్స్‌లో 1953లో 100 పడకలతో ఆసుపత్రి మొదలైంది.

అది తెరిచేనాటికి ఆమె ఇక్కడ లేరు. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్యతో ఆసఫ్‌జాహీల పాలన ముగిసింది. మరుసటి ఏడు జాగీర్లు రద్దయ్యాయి. నిజాంకు పేష్‌కష్ చెల్లించిన ఆత్మకూరు, వనపర్తి, గద్వాల సంస్థానాలూ పోయాయి. కొలువులు పోయి కొన్ని కుటుంబాలు కరాచీ దారి పట్టాయి. ఆ కాలంలోనే మొఅజ్జంజా మరో నికా చేసుకున్నారు. నీలోఫర్ ఫ్రాన్స్‌లో ఉన్న తల్లి దగ్గరకు వెళ్లిపోయారు. 1952లో తలాఖ్ జరిగింది. ఎనిమిదేళ్ల వయసులో ఒక రాజ్యం కూలి ఊరు వదిలారు. ముప్పై దాటాక రెండవ రాజ్యం కూలే వేళకు రెండవ ఇల్లూ పోయింది. అదే 1952లో తుర్కీ తన షహజాదీలకు తిరిగి వచ్చే అనుమతి ఇచ్చింది. మగవారు మాత్రం 1974 దాకా ఆగవలసి వచ్చింది.

1963లో ఆమె పారిస్‌లో ఎడ్వర్డ్ పోప్ అనే అమెరికన్‌ను వివాహమాడి అక్కడే స్థిరపడ్డారు.

ఆ వంశానికి బతుకులోనే కాదు, మట్టి విషయంలోనూ పరీక్షే. ఖలీఫా అబ్దుల్ మజీద్ 1944 ఆగస్టులో పారిస్‌లో మరణిస్తే జనాజాను తుర్కీ రానివ్వలేదు. కుమార్తె ఎంత ప్రయత్నించినా సాగలేదు. పదేళ్లపాటు ఆయన భౌతికకాయం పారిస్ మస్జిద్‌లోనే ఉంది. 1954లో మదీనాలో ఖననం చేశారు. దుర్రెషహ్వార్ 2006లో లండన్‌లో కన్నుమూశారు, బ్రూక్‌వుడ్ ఖబరస్తాన్‌లో ఉన్నారు. ఆమె పెద్ద కొడుకు ముకర్రంజా ఆస్ట్రేలియాలో గొర్రెల క్షేత్రం నడిపి, తల్లి పుట్టిన ఇస్తాంబుల్‌లోనే 2023 జనవరిలో మరణించారు. ఆయన జనాజా మాత్రం హైదరాబాద్‌కు వచ్చింది, మక్కా మస్జిద్‌లో తాతముత్తాతల పక్కన ఖననం జరిగింది.

నీలోఫర్ 1989 జూన్ 12న పారిస్‌లో మరణించారు. నగరం అంచున బొబినీలోని ముస్లిం ఖబరస్తాన్‌లో ఆమె సమాధి ఉంది. రెడ్‌హిల్స్ ఆసుపత్రి ముందు తెల్లవారకముందే చీటీల కోసం తల్లులు వరుస కడతారు.