ఛాతీ కోయడానికి తొందరొద్దన్న సర్జన్.. చివరికి ఆయన్నే కాటేసిన క్యాన్సర్!

1918.. అమెరికా సైనిక శిబిరాలు. తట్టు, ఫ్లూ వచ్చిన కుర్రాళ్లకు న్యుమోనియా ముదిరి ఛాతీలో చీము పట్టేది. డాక్టర్లు వెంటనే కోసేవాళ్లు. ఆ కోత గుండా గాలి దూరి ఊపిరితిత్తి ముడుచుకుపోయేది. చీము తీసినా చాలామందికి ప్రాణం దక్కేది కాదు.

అసలు లోపం ఇదేనని తేల్చింది సర్జన్ ఎవార్ట్స్ గ్రాహం. ముందు గాలి చొరబడకుండా చీము లాగేయాలి, జబ్బు ఉధృతి తగ్గాకే కోయాలన్నది ఆయన పద్ధతి. దాంతో మరణాలు బాగా తగ్గాయి.

1933లో సెయింట్ లూయిస్‌లో క్యాన్సర్ ఉన్న ఊపిరితిత్తిని ఒకే ఆపరేషన్‌లో మొత్తం తీసేసి రోగిని బతికించారు. 1950లో సిగరెట్‌కు, ఈ క్యాన్సర్‌కు ఉన్న లింకు బయటపెట్టిన వారిలో ఆయనొకరు. విచిత్రమేంటంటే ఆయనా విపరీతంగా సిగరెట్లు తాగినవారే! మానేశారు, కానీ లేటైపోయింది. 1957లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తోనే కన్నుమూశారు. ఆయన బతికించిన ఆ 1933 పేషెంట్ అప్పటికింకా బతికే ఉన్నారు.