తీర్మానానికీ ఖర్చుకీ మధ్య సంజీవయ్య

బేస్తవారిపేట, కంభం, గిద్దలూరు, మార్కాపురం ప్రాంతాలు కర్నూలు జిల్లాలో ఉండిన కాలం ఇక్కడి పెద్దవారికి ఇంకా గుర్తే. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కలెక్టరు కచేరీలో పని పడితే ఈ ప్రాంతంవారు నల్లమల దాటి, నంద్యాల మీదుగా కర్నూలు చేరవలసి వచ్చేది. ఆ పట్టణానికి చేరువలోని పెద్దపాడులో 1921 ఫిబ్రవరి 14న జన్మించిన దామోదరం సంజీవయ్య, ఆ లెక్కన, పశ్చిమ ప్రకాశానికి పరాయివారు కారు. ఆయన జీవితంలో చివరి రెండేళ్లు మినహా తక్కిన కాలమంతా మనమూ ఆయనా ఒకే జిల్లావాళ్లం.

ఆయనను తలచుకునే తీరు మీద నాకొక అభ్యంతరం ఉంది. జయంతికీ వర్ధంతికీ ఆయన పేదరికం గురించీ, పదవిలో ఉండి కూడా ఏమీ కూడబెట్టుకోకపోవడం గురించీ కథలు చెప్పుకుంటాం. నిరాడంబరుడు, నిజాయితీపరుడు అన్న రెండు విశేషణాలతో సరిపెడతాం. అవి అబద్ధాలు కావు. కానీ దళిత నాయకుడిని పొగడవలసి వచ్చినప్పుడు శీలాన్ని మాత్రమే పొగిడి, పాలనాదక్షతను పక్కన పెట్టడం మన పత్రికాభాషకు అలవాటైపోయింది. సంజీవయ్య పరిపాలకుడు. డబ్బు ఏ పద్దులోంచి ఏ పద్దులోకి పోతుందో, ఎవరి సంతకం దగ్గర ఆగుతుందో తెలిసిన న్యాయవాది. ఆయన జీవితాన్ని ఆ వైపునుంచి చదవవలసి ఉంది.

భూమిలేని మాల కుటుంబం. తండ్రి మునెయ్య ఈ బిడ్డ పుట్టిన కొద్దిరోజులకే కన్నుమూశారు. తల్లి సుంకులమ్మ పిల్లలను తీసుకొని పాలకుర్తిలోని పుట్టింటివారి పంచన కొంతకాలం తలదాచుకున్నారు. అక్కడ పశువులు కాసిన పిల్లవాడు మళ్లీ పెద్దపాడు చేరి, ఊరి బడిలోనూ, తరువాత కర్నూలులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ బడిలోనూ చదివాడు. 1935లో కర్నూలు మున్సిపల్ ఉన్నత పాఠశాలలో చేరి, 1938లో ఎస్‌ఎస్‌ఎల్‌సీ పరీక్షలో జిల్లాకే ప్రథముడిగా నిలిచాడు.

ఈ మున్సిపల్ పాఠశాల అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. పట్టణ ప్రజల పన్నులతో, ప్రభుత్వ గ్రాంటుతో, పురపాలక సంఘం నడిపిన బడి అది. ఆ దశాబ్దాల్లో అటువంటి బడి తలుపు అంటరాని పిల్లవాడికి దానంతటదే తెరుచుకునేది కాదు. మద్రాసు రాష్ట్రంలో 1920 ప్రాంతంలో లేబర్ కమిషనర్ కార్యాలయానికి అణగారిన కులాల బాధ్యత అప్పగించారు. ఇళ్లస్థలాలు, బావులు, ప్రత్యేక పాఠశాలలు, ఉపకార వేతనాలు దాని చేతిమీదుగా నడిచాయి. స్థానిక సంస్థలు చేయవలసిన పనిని వేరొక శాఖ నెత్తిన పెట్టవలసి రావడంలోనే ఆనాటి స్థానిక సంస్థల తీరు తెలుస్తున్నది. కౌన్సిళ్లలో ఆ కులాలవారు అరుదుగా కనబడేవారు. కనబడినా తొలిరోజుల్లో అది ఎక్కువగా ప్రభుత్వ నామినేషన్ వల్లనే. కుర్చీ ఉండేది, ఓట్ల బలం ఉండేది కాదు.

అదే కాలంలో మహద్ పట్టణంలో జరిగినది అందరికీ తెలిసినదే అయినా, పురపాలక సంఘాల కోణంనుంచి దాన్ని తక్కువగా చెప్పుకుంటాం. ప్రభుత్వ సొమ్ముతో నడిచే బావులూ చెరువులూ అందరికీ తెరవాలని 1923లో బొంబాయి శాసనమండలిలో ఎస్.కె. బోలే తీర్మానం నెగ్గింది. దాన్ని అనుసరించి 1924 జనవరిలో మహద్ పురపాలక సంఘం చవదార్ చెరువును అంటరానివారికి తెరుస్తూ తీర్మానించింది. కాగితం మీద అంతా సక్రమమే. మూడేళ్లపాటు ఒక్క కడవ కూడా ఆ నీటిలో మునగలేదు. 1927 మార్చి 20న అంబేడ్కర్ నాయకత్వంలో జనం వెళ్లి ఆ నీళ్లు తాగేసరికి దాడులు జరిగాయి. ఆ ఆగస్టులో పురపాలక సంఘమే తన తీర్మానాన్ని రద్దు చేసుకుంది. ఆ నీటి మీద హక్కు బొంబాయి హైకోర్టులో తేలడానికి 1937 దాకా పట్టింది. సంజీవయ్య మెట్రిక్యులేషన్ పూర్తిచేయడానికి ముందు సంవత్సరం అది.

కర్నూలు నుంచి ఉపకార వేతనంతో అనంతపురం దత్తమండల కళాశాలకు వెళ్లి గణితం చదివారు. పట్టా చేతికొచ్చినా యుద్ధకాలపు కరువులో దొరికింది రేషనింగ్ కార్యాలయంలో గుమాస్తా పని. బియ్యం, కిరసనాయిలు ఎవరికి ఎంత అన్నది చీటీల మీద లెక్క కట్టే ఆ కొలువు, పంపకం అనే విద్యలో ఆయనకు మొదటి పాఠమై ఉంటుందని ఊహించుకోవడానికి నాకు అడ్డేమీ కనబడదు. తరువాత మద్రాసు లా కళాశాల. పాఠాలు చెప్పుకుంటూ న్యాయశాస్త్రం చదవడం. 1950లో న్యాయవాదిగా నమోదు. అదే ఏడాది తాత్కాలిక పార్లమెంటులో సభ్యత్వం లభించింది. 1952లో మద్రాసు శాసనసభకు ఎన్నికై, ముప్పయి ఒకటవ ఏట రాజాజీ మంత్రివర్గంలో సహకార, గృహనిర్మాణ శాఖల మంత్రి అయ్యారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన తరువాతా, ఆంధ్రప్రదేశ్ అవతరించిన తరువాతా వరుసగా మంత్రివర్గాల్లో కొనసాగారు. కర్నూలు రాజధానిగా ఉన్న ఆ మూడేళ్లూ, ఒకనాడు తాను పలక పట్టుకొని నడిచిన వీధుల్లోనే ఆయన మంత్రిగా తిరిగారు.

1960 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఏ రాష్ట్రంలోనైనా ఆ పదవి చేపట్టిన తొలి దళితుడు ఆయనే. వయస్సు ముప్పయి ఎనిమిది. రెండేళ్ల రెండు నెలలు మాత్రమే ఆ కుర్చీలో ఉన్నారు.

ఆయన వచ్చేనాటికి రాష్ట్రంలో పంచాయతీరాజ్ మొదలై రెండు నెలలే అయింది. పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు 1959 నవంబరు 1 నుంచి పనిచేయసాగాయి. బడి, బావి, రోడ్డు, ఇళ్లస్థలం వంటి వాటికి వచ్చే నిధులు ఇకమీదట సమితి అధ్యక్షుడి బల్ల మీదుగా కదలాలి. ఆ బల్లల వెనుక ఎవరు కూర్చున్నారో పశ్చిమ ప్రకాశం ఊళ్లకు ఎవరూ చెప్పనవసరం లేదు. చట్టంలో దళితులను, మహిళలను సభ్యులుగా కలుపుకునే ఏర్పాటు ఉంది; అయితే కలుపుకునేది అప్పటికే ఎన్నికైన పెద్దలే. అంబేడ్కర్ రాజ్యాంగసభలో గ్రామవ్యవస్థ గురించి హెచ్చరించిన సందర్భం ఇక్కడ గుర్తుకు రాక మానదు.

సంజీవయ్య ప్రభుత్వం తెచ్చిన వాటిలో నాకు ముఖ్యంగా కనబడేది ఈ బల్లలను తప్పించుకొని పోయే దారి వెదకడం. వృద్ధాప్య పింఛను అటువంటిది. అది ఫలానా వీధికి మంజూరయ్యే పని కాదు, ఫలానా మనిషికి నేరుగా చేరే నగదు. పనికి కంట్రాక్టరు ఉంటాడు, టెండరు ఉంటుంది, ఊరి పెద్దరికం ఉంటుంది. ముసలవ్వ పేరుమీద వచ్చే మనియార్డరుకు ఆమె వేలిముద్ర చాలు. నేడు ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 4,000 రూపాయలుగా ఇంటి గడప దగ్గర అందుతున్న పింఛనుకు మొదలు అక్కడుంది. ఏ ప్రభుత్వం వచ్చినా ముట్టుకోవడానికి వెరచే పథకం ఇదొక్కటే కావడానికి కారణం కూడా ఆ నేరు దారే.

రెండవది భూమి. వ్యవసాయ భూముల గరిష్ఠ పరిమితి చట్టం 1961లో ఆయన కాలంలోనే వచ్చింది. అందులో కన్నాలు చాలా ఉన్నాయి; మిగులు భూమి పెద్దగా తేలలేదు. బంజర్ల పంపిణీ మాత్రం జోరుగా జరిగింది. లక్షల ఎకరాలు పంచిన ప్రభుత్వమని ఆయన పాలనకు పేరు. ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. నల్లమల అంచున, కంభం చెరువు ఆయకట్టుకు అందనంత ఎత్తున, రాళ్లనేలలో ఇచ్చిన డి-పట్టాకూ, కాలువ కింద మాగాణికీ మధ్య తేడాను ఏ లెక్కా చూపదు. రెండూ ఎకరమే. నీరు లేని ఎకరం చేయి మారడానికి ఎంతోకాలం పట్టదు. అసైన్డ్ భూముల బదలాయింపును నిషేధిస్తూ 1977లో చట్టం చేయవలసి వచ్చిందంటే ఎంత భూమి జారిపోయిందో ఊహించవచ్చు. ఈ లోపం సంజీవయ్య ఒక్కరిది కాదు, కానీ ఆయన కాలంనుంచీ ఉన్నదే.

మూడవది అవినీతి నిరోధక శాఖ. 1961 జనవరిలో అది వేరు శాఖగా పనిచేయడం మొదలుపెట్టింది. దాన్ని ఆయన వ్యక్తిగత నిజాయితీకి గుర్తుగా చెప్పుకోవడం పరిపాటి. నేను దాన్ని కూడా పంపకానికి సంబంధించిన ఏర్పాటుగానే చూస్తాను. లంచం అందరినీ పీడించినా, మరొక పలుకుబడి లేనివాడికి అదొక్కటే ద్వారం, ఆ ద్వారానికే సుంకం. అదే ఏడాది ప్రాథమిక విద్యాచట్టం కూడా వచ్చింది.

1962 ఎన్నికల్లో కాంగ్రెసు నెగ్గింది. సంజీవయ్య మాత్రం తిరిగి ముఖ్యమంత్రి కాలేదు. మార్చి 12న దిగిపోయారు. ముఠాల బలం లేని నాయకుడు బలమైన ముఠాల మధ్య రాజీగా కుర్చీ ఎక్కి, రాజీ మారగానే దిగవలసి వచ్చిన ఉదంతం అది. ఆ ఏడాదే అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. ఆ పదవికీ ఆయనే తొలి దళితుడు. పెద్ద పదవి ఇచ్చి, సొంత రాష్ట్రపు ఖజానానుంచి దూరంగా పంపడం ఎటువంటి గౌరవమో రాజకీయాలు తెలిసినవారికి వివరించనక్కరలేదు.

కేంద్ర కార్మిక మంత్రిగా ఆయన ఉన్నప్పుడే 1965లో బోనస్ చెల్లింపు చట్టం వచ్చింది. 1970లో మరల అదే శాఖ చేపట్టినప్పుడు కంట్రాక్టు కార్మికుల (నియంత్రణ, రద్దు) చట్టం వచ్చింది. ఈ రెండో చట్టాన్ని మన పట్టణాల వాకిట నిలబెట్టి చూడాలి. నిత్యం సాగే పనిలో కంట్రాక్టు కూలీని ప్రభుత్వం నిషేధించవచ్చునని ఆ చట్టం చెప్పింది. వీధి ఊడ్చడం, మురుగు తీయడం కన్న నిత్యమైన పని పురపాలక సంఘంలో మరేముంది? ఆ పనిలో ఉన్నది ఎక్కువగా ఎవరో అందరికీ తెలుసు. అయినా అర్ధశతాబ్దం తరువాత, 2023 డిసెంబరు చివర రాష్ట్రమంతటా పారిశుధ్య కార్మికులు సమ్మెకు దిగితే, మొదటి కోరికల్లో ఒకటి తమను పర్మనెంట్ చేయమన్నదే. చట్టం ఢిల్లీలో ఆమోదమైంది. అమలు చేయవలసిన కుర్చీ మున్సిపల్ కార్యాలయంలో ఉంది.

నేటి ఏర్పాట్లు సంజీవయ్య కాలం కన్న ఎన్నో రెట్లు పటిష్ఠం. 74వ రాజ్యాంగ సవరణ 1993నుంచి పురపాలక సంఘాల్లో జనాభా నిష్పత్తిలో ఎస్సీ, ఎస్టీలకు స్థానాలు కేటాయించింది. బలహీనవర్గాల ప్రయోజనాల రక్షణను పన్నెండవ షెడ్యూలులో పట్టణ సంస్థల విధిగా చేర్చింది. పురపాలక సంఘం సొంత ఆదాయంలో ఎస్సీల కోసం 15 శాతం విడిగా ఉంచాలన్న నియమం ఉంది. 2013లో ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళికలకు చట్టబద్ధత వచ్చింది. ఎక్కడో సియాటిల్ నగర కౌన్సిల్ సైతం 2023 ఫిబ్రవరిలో కులవివక్షను నిషేధిస్తూ ఓటు వేసింది. ఆ నగరంలో తెలుగువారు కొద్దిమంది కారు గనుక అది మనకూ సంబంధించిన కబురే.

ఇక ఆ 15 శాతం నడిచే దారి చూడండి. వార్డు సభ్యుడు అడగాలి. ఇంజనీరు అంచనా వేయాలి. కౌన్సిల్ అజెండాలో ఎక్కి తీర్మానం కావాలి. పరిపాలనా మంజూరు, సాంకేతిక మంజూరు రావాలి. టెండరు పిలవాలి. పని జరిగితే ఎం-బుక్‌లో కొలతలు ఎక్కాలి. బిల్లు పాస్ కావాలి. ఈ మెట్లలో ఏ ఒక్కచోట ఆగినా ఎవరూ తప్పు చేసినట్టు కాదు, పని మాత్రం జరగదు. ఆగకుండా పోయినప్పుడు మరో రకం మాయ జరుగుతుంది. ప్రధాన వీధికి వేసిన సిమెంటు రోడ్డు చివర దళితవాడను ముట్టుకున్నందుకు, రోడ్డంతా ఎస్సీ పద్దులో రాసుకుంటారు. పట్టణమంతటికీ వేసిన వీధిదీపాల్లో వాటా లెక్కగట్టి ఖర్చయినట్టు చూపుతారు. మార్కాపురం, గిద్దలూరు పురపాలికల వంటి చిన్న ఆదాయాల చోట 15 శాతమంటే అసలే కొద్ది మొత్తం. జీతాలు, కరెంటు బిల్లులు పోను మిగిలిన దాంట్లోంచి అది. బేస్తవారిపేట వంటి పంచాయతీలో ఇంకా తక్కువ. ఫ్లోరైడు నీళ్ల నేలలో, వేసవిలో ట్యాంకరు మీద బతికే వాడలకు ఆ కొద్ది మొత్తం కూడా పైపులైను చివరి వంద గజాలకు చాలుతుంది.

దీనికి మందుగా నేను చెప్పగలిగినది ఒకటే. ప్రతి కౌన్సిలూ, ప్రతి పంచాయతీ ఏడాదికి ఒకసారి ఎస్సీ పద్దు కింద ఏ పని, ఏ వీధిలో, ఎంతకు చేసిందో ఆ వీధిలోనే గోడమీద రాయించాలి. కొత్త చట్టం అక్కరలేదు, కొత్త నిధీ అక్కరలేదు. రాయించడానికి ఎవరు వెనుకాడుతారో చూస్తే డబ్బు ఎక్కడికి పోయిందో సగం తెలిసిపోతుంది.

సంజీవయ్య 1971లో మరల కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. ఆ పదవిలో ఉండగానే 1972 మే 7న ఢిల్లీలో గుండె ఆగి మరణించారు. భార్య కృష్ణవేణి; పిల్లలు లేరు. వయస్సు యాభై ఒకటి. భౌతికకాయాన్ని హైదరాబాదుకు తెచ్చి హుస్సేన్‌సాగర్ ఒడ్డున అంత్యక్రియలు జరిపారు. ఆ చోటే సంజీవయ్య పార్కు. కోడుమూరు వైపు గాజులదిన్నె జలాశయానికి, నెల్లూరు తీరాన విద్యుత్కేంద్రానికి, విశాఖపట్నంలో న్యాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. బేస్తవారిపేట అప్పటికి ఒంగోలు జిల్లాకు మారి రెండేళ్లయింది. ఆయన పోయిన ఏడు నెలలకు, ఆ డిసెంబరులో, జిల్లాకు ప్రకాశం పేరు వచ్చింది.